తొలి వంతు పెద్దలది

వీడియో ఆటల యంత్రము ఇంటికి వచ్చినంతనే దానిని పిల్లల సొత్తుగా నెంచి పెద్దలు తమ గదులకు తొలగిపోవుట వాడుకయైపోయినది. చేతి కదలికతో నడచు యంత్రము విషయమున ఈ వాడుక మిక్కిలి అనుచితమని నా దృఢాభిప్రాయము. ఏలయన, అట్టి యంత్రము పుట్టినదే ఆట యెరుగనివారి కొరకు.

2006వ సంవత్సరము నవంబరు 19న అమెరికాలోను, డిసెంబరు 2న జపానులోను విక్రయమునకు వచ్చిన నింటెండో వారి 'వీ' చరిత్రయే ఇందుకు ప్రమాణము. 1889లో క్యోటో నగరమున హనఫుడా పేకముక్కల తయారీతో ఆరంభమైన ఆ సంస్థకు అప్పటి అధ్యక్షుడైన సతోరు ఇవాతా, ప్రత్యర్థులు తెరమీది చిత్రముల సొంపును హెచ్చించుటలో పోటీపడుచుండగా, లెక్కకు మిక్కిలియైన బటన్లను జూచి బెదరి ఆటకు దూరమైన జనులను మరల చేరదీయుటయే తన కర్తవ్యమని తలచి, టీవీ రిమోటును పోలిన 'వీ' చేతిసాధనమును 2005లో టోక్యో ప్రదర్శనమున లోకమునకు చూపెను. పదికోట్లకు పైగా యంత్రములు అమ్ముడుపోవుటకును, అమెరికాలోని వృద్ధుల నివాసములలో సైతము దానిపై బౌలింగు పోటీలు సాగుటకును ఆ దూరదృష్టియే ముఖ్యకారణము.

అయితే పెద్దల చేతికి రిమోటు నందించుటకు ముందు ఇల్లు సిద్ధము కావలెను. టీవీకి పైనగాని క్రిందగాని సరిగా నడుమ నిలుపవలసిన సన్నని సెన్సార్ బార్ ఆటగాని కదలికలను గమనించుచున్నదని పలువురు తలంతురు. వాస్తవమునకు దానిలో నున్నవి కంటికి కానరాని పరారుణ కాంతిని వెలార్చు చిన్న దీపములు మాత్రమే; ఆ కాంతిని చూచు కన్ను రిమోటు కొనయందున్నది. బార్ రెండు కొసలనుండి వచ్చు వెలుగును బట్టి తెరపై గురి యెచ్చట నున్నదో ఆ యంత్రము లెక్కగట్టుకొనును. కావున టీవీ వెనుక కిటికీనుండి ఎండ పడుచున్నను, చేరువలో నూనెదీపము వెలుగుచున్నను, తెరమీది చేతిగుర్తు నిలుకడ తప్పి తత్తరపడును. అది తమ చేతి వణుకని తలచి సిగ్గుపడి రిమోటును క్రింద పెట్టు వృద్ధులు ఉందురు. కిటికీ పరదాను లాగి, వారికి ధైర్యము చెప్పుట బిడ్డల విధి.

చేయి విసరుటను గ్రహించు అంగము వేరు. రిమోటు లోపల మూడు దిశలయందును వేగపు హెచ్చుతగ్గులను కొలుచు యాక్సిలరోమీటరు కలదు. చేయి ఎంత దూరము సాగినదని గాక ఎంత జోరుగా కదలినదని అది చూచును గనుక, కుర్చీలో కూర్చుండి మణికట్టును మాత్రము ఆడింపగలవారును ఆటకు అర్హులే. జపాను వెలుపల పలుచోట్ల పెట్టెతోపాటే లభించిన 'వీ స్పోర్ట్స్' అను ఆటల సంపుటిలోని టెన్నిసులో బంతికై పరుగెత్తు పని తెరమీది బొమ్మయే చూచుకొనును. బౌలింగులో రిమోటు అడుగున నున్న బటన్‌ను నొక్కిపట్టి, చేయి వెనుకకు ఊపి ముందుకు తెచ్చుచు, తగిన క్షణమున వ్రేలు సడలించిన చాలును. ఆరంభమునకు ఇంతకంటె తగిన ఆట నాకు కనబడదు: తొందర లేదు, అందరికిని వంతు వచ్చును. అదే సంపుటిలోని బాక్సింగును మొదటినాడు తలపెట్టరాదు.

రిమోటును మణికట్టుకు కట్టు పట్టీ విషయమున మాత్రము మొగమోటము పనికిరాదు. తొలినాళ్ల సన్నని పట్టీలు తెగి, రిమోట్లు చేజారి ఎగిరిపోవుచుండుటచే, 2006 డిసెంబరులోనే సంస్థ దళసరి పట్టీలను, మరుసటి ఏడు మెత్తని తొడుగులను ఉచితముగా నొసగెను.

కొడుకునో కూతురునో చూడబోయి అమెరికాలో నెలల తరబడి నుండు మన తల్లిదండ్రులను తలచుకొన్నపుడు ఈ మాటలు మరింత గట్టిగా చెప్పవలెననిపించును. సాయంకాలము బడినుండి వచ్చిన మనుమడు ఇంగ్లీషులోను, తాతగారు తెలుగులోను ఎవరికివారుగా మిగిలిపోవు ఇండ్లు కలవు. బౌలింగు వంతు అందుకొనుటకు ఏ భాషయు అడ్డురాదు. యంత్రమును పిల్లల గదిలో గాక నట్టింట నిలుపుడు. ఆటగాండ్ర బొమ్మలను దిద్దునపుడు ముందుగా నాయనమ్మగారి కళ్లజోడును, నెరసిన జుట్టును ఎన్నుకొనుటకు ఆమెనే పిలువుడు.

పాత 'వీ' యంత్రమును కొనువారు డిస్కులను కూడ అడిగి తీసికొనవలెను. 2019 జనవరిలో దాని ఆన్‌లైన్ అంగడి మూతపడినందున క్రొత్త ఆటలను అందుండి కొనుటకు వీలులేదు. క్రొత్త యంత్రమే కావలెననువారికి 'నింటెండో స్విచ్' యంత్రమునకై 2022లో వచ్చిన 'నింటెండో స్విచ్ స్పోర్ట్స్' ఆటలోను బౌలింగు కలదు.