చేర్చుకొంటే చాలదు, చదువు చెప్పాలి

మూర్ఛవ్యాధి ఉన్న బిడ్డను బడిలో చేర్చటానికి వెళ్లిన తల్లిదండ్రులకు ఒక మాట తరచుగా ఎదురవుతున్నది: "ముందు ఫిట్సు నయం చేయించండి, ఆ తరువాత పంపండి." ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల మెట్ట పల్లెలలోనూ ఇదే మాట. వినటానికి దయగానే ఉన్న ఈ మాట నిజానికి ఆ బిడ్డను చదువుకు శాశ్వతంగా దూరం చేస్తున్నది. కనుకనే దీనిని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

మూర్ఛ నాలుగు రోజులలో తగ్గే జ్వరం కాదు. క్రమం తప్పక మందులు వాడితే నూటికి 70 మందిలో ఫిట్సు అదుపులోకి వస్తవి. అయితే కనీసం రెండేళ్లపాటు ఒక్క ఫిట్సయినా రాకుండా గడిస్తేనే మందులు ఆపే ఆలోచన చేస్తారు. నయమైన తరువాతనే బడి అంటే, అదుపులో ఉన్న బిడ్డకు సయితం ఎన్ని తరగతులు పోవాలి? ఇక మూర్ఛతోపాటు మస్తిష్క పక్షవాతమో, బుద్ధిమాంద్యమో, మాట రాకపోవటమో ఉన్న పిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. వారిలో కొందరికి ఫిట్సు పూర్తిగా ఆగకపోవచ్చును. అటువంటి బిడ్డకు ఆ మాటకు అర్థం, జీవితంలో బడే లేదని.

చేర్చుకొన్న బడులు మాత్రం చేస్తున్నదేమిటి? చాలాచోట్ల హాజరు వేసి, వెనుక వరుసలో కూర్చోబెట్టటమే. ఒక తరగతిలో ముగ్గురు పిల్లలున్నారనుకోండి. ఒకరికి రోజులో అనేకసార్లు కొన్ని క్షణాలపాటు స్పృహ తప్పుతుంది; కిందపడరు, చూపు మాత్రం నిలిచిపోతుంది. డిక్టేషనులో రెండు పదాలు జారిపోతవి, ఉపాధ్యాయుడు పరధ్యానమని కోప్పడతాడు. రెండవవారు ఫినోబార్బిటోన్ వంటి మందు వాడుతున్నారు. ఆ మందు కొందరిని మత్తుగా ఉంచుతుంది, కొందరిని చిరాకుగా, నిలకడ లేకుండా చేస్తుంది. మూడవవారు పెన్సిలు పట్టలేరు, మాట్లాడలేరు, కాని చెప్పినది గ్రహించగలరు. ఈ ముగ్గురికీ ఒకే పాఠం, ఒకే వేగం, ఒకే పరీక్ష పెడితే ముగ్గురికీ ఏమీ చెప్పనట్లే. ఎవరి కొలతకు వారి చొక్కా కుట్టించే మనము, చదువు మాత్రం అందరికీ ఒకే కొలతకు కుట్టిస్తున్నాము.

ఇది దయాధర్మాల విషయం కాదు, చట్టం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షను ప్రభుత్వ నిధులతో నడిచే బడులకే కాక, ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులన్నిటికీ వర్తిస్తుంది. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఆ విద్యార్థి వ్యక్తిగత అవసరాన్నిబట్టి సదుపాయాలు కల్పించాలి, ప్రగతిని గమనిస్తుండాలి అని అది ఆదేశిస్తున్నది. కాని ఆ చట్టం పట్టికలోని 21 వైకల్యాలలో మూర్ఛకు విడిగా చోటు లేదు. ఆ కారణంగా మూర్ఛ ఒక్కటే ఉన్న బిడ్డ సదరం శిబిరానికి వెళ్లినా ధ్రువపత్రం దొరకటం కష్టం; పత్రం లేని బిడ్డ ప్రత్యేకావసరాల లెక్కలోకి రాడు. అయితే 16వ సెక్షను నలభై శాతం వైకల్యం ఉండాలని ఎక్కడా అనలేదు. సదరం కాగితం లేదన్న సాకు ఈ బాధ్యతను తప్పించదు.

మరొక సాకు ఇంటివద్ద చదువు. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటివద్దనే చదువుకోవచ్చునని విద్యాహక్కు చట్టానికి 2012లో సవరణ వచ్చింది. జాగ్రత్తగా చదవండి: అది బిడ్డకు ఇచ్చిన హక్కు, బిడ్డ ఎంచుకొనే మార్గం. వద్దనుకొన్న బిడ్డను సాగనంపటానికి బడికి ఇచ్చిన అధికారం కాదు. మండల స్థాయి భవిత కేంద్రాలు, అక్కడి ప్రత్యేక విద్యా సిబ్బంది బడికి తోడుగా ఏర్పడినవారే. బడికి బదులు కారు. వంద కిలోమీటర్ల దరిదాపున ఉన్న నెల్లూరులో ప్రత్యేక పాఠశాల చూసుకోమనటం ఉదయగిరి కొండ కింది కూలి కుటుంబానికి సమాధానమే కాదు.

మరి కావలసినదేమిటి? ప్రతి బిడ్డకు తనదైన ఒక విద్యా ప్రణాళిక. అమెరికా 1975లోనే దీనిని చట్టంలో పెట్టింది. మనకు మొదట ఒక్క కాగితం చాలును. ఫిట్సు ఏ రూపంలో వస్తుంది, ఎంతసేపు ఉంటుంది. ఏ మందు, ఏ వేళకు. మూర్ఛ వచ్చిన తరువాత ఎంతసేపు పడుకోనివ్వాలి, తప్పిన పాఠాన్ని ఎవరు, ఎప్పుడు చెప్పాలి. ఈ మూడు నెలలలో బిడ్డ నేర్వవలసినది ఏమిటి. పరీక్షలో అదనపు సమయం, వ్రాసిపెట్టే మనిషి కావాలా. ఎవరికి ఫోను చేయాలి. తల్లిదండ్రులు, తరగతి ఉపాధ్యాయులు, భవిత సిబ్బంది కూర్చుని వ్రాయాలి, మూడు నెలలకొకసారి దిద్దుకోవాలి. వైద్యులకూ ఇందులో వాటా ఉన్నది. మందుల చీటీతోపాటు ఉపాధ్యాయునికి తెలుగులో నాలుగు వాక్యాలు వ్రాసి ఇవ్వటం ఏ వైద్యునికీ భారం కాదు.

"బడిలో ఫిట్సు వస్తే మాకు భయం" అంటారు ఉపాధ్యాయులు. ఆ భయం సహజమే; మందు తెలివిడి. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తనిది ఉంచండి, గడియారం చూడండి. చేతిలో తాళాలు, ఇనుము పెట్టవద్దు. నోట్లో ఏదీ దూర్చవద్దు. కాళ్లు చేతులు అదిమి పట్టవద్దు. చాలా ఫిట్సు రెండు మూడు నిమిషాలలో వాటంతట అవే ఆగుతవి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కు ఫోను చేయండి. ఇంతే. దీనికి నర్సు అక్కరలేదు, ఒక్క పూట శిక్షణ చాలును. నలభై మందిలో ఒక్కరికి వేరే పాఠం చెప్పటం కష్టమన్న మాట మాత్రం నిజమే. ఆ కష్టానికి పరిష్కారం సిబ్బందిని అడగటం. బిడ్డను పంపివేయటం కాదు.

తల్లులారా, తండ్రులారా! ఈసారి బడికి వెళ్లినప్పుడు "చేర్చుకోండి" అని వేడుకొని ఊరుకోకండి. "మా బిడ్డకు ప్రణాళిక ఏది?" అని అడగండి. ప్రధానోపాధ్యాయునికి వ్రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. బదులు రాకపోతే పాఠశాల యాజమాన్య కమిటీలో, ఆపైన మండల విద్యాశాఖాధికారి వద్ద అదే కాగితం పెట్టండి. నోటిమాటగా అడిగినదానిని నోటిమాటతోనే త్రోసివేయగలరు. వ్రాసి ఇచ్చినదానికి బదులు చెప్పవలసి ఉంటుంది.