పిన్ను నేర్పని యజమానులు

ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు పెరిగినకొలది దూరపు బేరములును, వానితో మోసగాండ్రును వచ్చుచున్నారు. సైనికాధికారినని చెప్పి నూఱు పెట్టెలు కోరువాడు, “బయానా పంపుచున్నాను, మీ పిన్ను నొక్కుడు” అనును. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్నుతో పనిలేదు, ఇచ్చుటకే కావలెను. ఈ యొక్క మాట దుకాణములోని పిల్లకు యజమాని యేనాడైన చెప్పెనా? కుండమీద రేకు తీయుట ఎంతో యోపికతో నేర్పింతురే! ఫోను మాత్రము నేర్పకయే చేతికిచ్చి, సొమ్ము పోయినపిమ్మట జీతములో కోయుట యేమి న్యాయము? చదువురాని దానివలన నష్టమందురు. చదువుకొన్న మనము మోసపోవుట లేదా? (నేనును ఒకపరి నొక్కబోయి యాగితిని.) తిట్టుదురను భయముచే ఆ పిల్ల సాయంకాలము వఱకు నోరు విప్పకున్నచో, సైబరు నేరముల సహాయసంఖ్య 1930కి తక్షణమే చేయవలసిన ఫిర్యాదు మఱునాటికి పోవును, ఈలోపల సొమ్ము ఖాతానుండి ఖాతాకు మాఱి కనుమఱుగగును.