338లో ఆ 49

అక్టోబరు 30, 2025 అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? వరల్డ్ కప్ సెమీఫైనల్, నవీ ముంబయి, జెమీమా 127 నాటౌట్. అంతేగా! గుర్తుండాల్సిందే. ఆ రాత్రి మా నంద్యాలలో పటాసులు కాల్చిన వీధులు నేను చూశా. కానీ ఇవాళ నేను మాట్లాడేది ఆ ఛేజింగ్ గురించి కాదు, దానికి ముందు ఇన్నింగ్స్ గురించి.

ఆస్ట్రేలియా 338 కొట్టింది. అందులో మన శ్రీచరణి పది ఓవర్లూ పూర్తిగా వేసి ఇచ్చింది 49. మూనీ, సదర్లాండ్ వికెట్లు రెండు. మిగతా బౌలర్లందరి ఓవర్లూ కలిపితే నలభైకి ఒక్క బంతి తక్కువ. వాటిలో పోయినవి 289. అంటే ఒకవైపు ఓవర్‌కు ఐదు లోపు, ఇంకోవైపు ఏడు పైన. ఈ అమ్మాయి కూడా అదే లెక్కన ఇచ్చుంటే ఇంకో ఇరవై మూడు పరుగులు పెరిగేవి. మనం గెలిచింది తొమ్మిది బంతులు మిగిలుండగా. ఇప్పుడు చెప్పండి, ఆ మ్యాచ్‌లో ఆ 49 చిన్న సంగతేనా?

హైలైట్స్‌లో సిక్సులు చూపిస్తారు, వికెట్లు చూపిస్తారు. డాట్ బాల్ ఎవడు చూపిస్తాడు? అందుకే నా ఫ్యానిజం అంతా డాట్ బాల్స్ మీదే.

నల్లపురెడ్డి శ్రీచరణిది కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె. మా నంద్యాల వాళ్లకు పెద్ద దూరమేం కాదు. 2016లో నంద్యాల - ఎర్రగుంట్ల రైలు లైను వచ్చాక ఇంకా దగ్గరైంది. నాన్న ఆర్టీపీపీలో పనిచేస్తారు. స్కూల్లో బ్యాడ్మింటన్, ఖోఖో, పరుగు, ఇలా అన్నీ ఆడింది. క్రికెట్ అంటించింది మేనమామ. సీరియస్‌గా ఆడతానంటే నాన్న వెంటనే ఒప్పుకోలేదు. మన సీమలో ఇది కొత్త కథేం కాదు. ఆమెకంటే ముందు ఆదోని నుంచి అంజలి శర్వాణి ఇండియాకు ఆడింది, 2022లో. అయినా ఇళ్లల్లో ఆ భయం అట్లే ఉంది.

నన్ను పూర్తిగా ఫ్యాన్‌ని చేసింది మాత్రం ఇంకో విషయం. చరణి మొదట ఫాస్ట్ బౌలర్. అనుకున్నట్టు వికెట్లు పడకపోతుంటే స్పిన్‌కు మారింది. వినడానికి ఒక వాక్యమే, చేసి చూడండి తెలుస్తుంది! రనప్ మారాలి, భుజం పని తగ్గి వేళ్ల పని పెరగాలి. ఫాస్ట్ బౌలర్ తప్పు చేస్తే కొన్నిసార్లు వేగమే కాపాడుతుంది. స్పిన్నర్ బంతి మెల్లగా వస్తుంది, బ్యాటర్‌కు చూసుకునే టైం ఉంటుంది. ఒక్క అడుగు పొట్టిగా పడిందా, స్టాండ్‌లోకే. అట్లాంటి పనిని కొత్తగా మొదలుపెట్టి, 2025 జూన్‌లో నాటింగ్‌హామ్‌లో మొదటి టీ20 ఆడుతూ 12 పరుగులకే 4 వికెట్లు తీసింది. ఆ సిరీస్ మొత్తమ్మీద పది వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ద సిరీస్. వరల్డ్ కప్‌లో 14. ఫైనల్లో బాష్‌ని సున్నాకే ఎల్బీ చేసింది కూడా ఈమే.

ఆళ్లగడ్డలో మా చిన్నాయన కూతురు ఉంది. డిగ్రీ సెకండియర్, నంద్యాలలో చదువు, కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్. దాని ఫోన్ వాల్‌పేపర్ చరణి. "బాస్కెట్‌బాల్ ఆడేదానివి, క్రికెటర్ ఫొటో ఎందుకు పెట్టుకున్నావే?" అంటే, "మా ఆటలో మన పక్క నుంచి టీవీలో కనిపించేవాళ్లు ఎవరున్నారన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

కానీ అసలు కారణం అది కాదని తర్వాత తెలిసింది. పొడుగు కాబట్టి దీన్ని మొదట్నుంచీ రింగు కింద ఆడించారు. తనకంటే పొడుగు జూనియర్లు వచ్చారు. "బయట ఆడు, పాయింట్ గార్డ్‌గా" అన్నారు సార్. అంటే బంతి తనే తీసుకెళ్లాలి, కుడిచేత్తో ఎంతో ఎడమచేత్తోనూ అంత. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదంట. మూడోరోజు నుంచి మిద్దె మీద ఎడమచేత్తో బంతి కొట్టడం మొదలు. కింద పోర్షన్ వాళ్లు వచ్చి గొడవ పెట్టుకుంటే సందులోకి మార్చింది. ఇప్పుడు పొద్దున ఆరున్నరకే ఆళ్లగడ్డలో బస్సెక్కుతుంది. స్త్రీశక్తి వచ్చాక ఛార్జీ బాధ లేదు. ఆ రోడ్డు మీద దాదాపు గంట, నంద్యాలలో ప్రాక్టీసు, క్లాసులు, మళ్లీ బస్సు. అది ఆడే కోర్టులో రింగుకు వల ఉండదు. బంతి పడిందో లేదో పక్కనుంచి చూస్తే తెలియదు, దానికి మాత్రం తెలుస్తుందంట.

చిన్నాయన మాట వేరే. "ఆడేది సరేలేప్పా, రేపు కూడు పెడ్తాదా?" తప్పు పట్టలేను, అప్పులతో సేద్యం చేసే మనిషి. చాలామంది ఇక్కడ చరణి డబ్బు లెక్క చెప్తారు: డబ్ల్యూపీఎల్‌లో మొదట 55 లక్షలు, వరల్డ్ కప్ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటి స్థలం. నేను చెప్పలేదు. చెప్తే అది అబద్ధపు ఆశ అవుతుంది. అమ్మాయిల బాస్కెట్‌బాల్‌కు మన దగ్గర ఆ స్థాయి వేలం లేదు. నా చెల్లెల్ని ఎవరూ లక్షలు పెట్టి కొనరు, ఆ సంగతి దానికీ తెలుసు.

నేను చెప్పింది ఆ 49 గురించే. చిన్నాయనకు క్రికెట్ తెలుసు, లెక్కలు ఇంకా బాగా తెలుసు. వేళ్ల మీద కూడుకుని, "అంత కొడుతుంటే ఈ పాప ఒక్కతీ ఆపిందా?" అన్నాడు. "ఒక్కతే ఆపిందని కాదు, తన ఓవర్లు తను ఆపుకుంది" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి పొలం దిక్కు వెళ్లిపోయాడు.

ఇంకా సరే అనలేదు. వద్దనీ అనలేదు. ఈ సెమిస్టర్ రిజల్ట్ వచ్చాక చూద్దాం అన్నాడంట చిన్నమ్మతో. చెల్లెలికి ఒక సబ్జెక్టు మిగిలిపోయి ఉంది, రాత్రిళ్లు దాన్నే పట్టుకుని కూర్చుంటోంది. ఆరున్నర బస్సు మాత్రం ఇంకా మిస్సవ్వలేదు.