బయటి గోడ, బైటి గోడ

పిల్లలూ! పోయిన నెల మా వీధి పిల్లలు ముగ్గురు, బడిలో జరిగే ప్రదర్శనకు కృష్ణా డెల్టా పటం గీయటానికి పూనుకున్నారు. పటం చాలా పెద్దది. అందుచేత మూడు అట్టలు తీసుకుని పని పంచుకున్నారు. ఒకడు విజయవాడ, ప్రకాశం బారేజి గీశాడు. రెండోవాడు బందరు వైపు గీశాడు. వాడి చెల్లెలు ఏలూరు వైపు గీసింది.

తీరా మూడు అట్టలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏముంది! మొదటివాడు కాలువలకు నీలం, రైలు దారికి నలుపు వేశాడు. ఆ పిల్ల కాలువకు ఆకుపచ్చ, రైలు దారికి నీలం వేసింది. విజయవాడలో నీలంగా బయలుదేరిన ఏలూరు కాలువ అట్ట దాటగానే పచ్చబడింది. నల్లగా వచ్చిన రైలు దారి కాస్తా నీళ్ళ పాలయింది!

"నేను గీసినదాంట్లో తప్పేమున్నది?" అని ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. నిజమే, ఏ అట్టకు ఆ అట్ట చూస్తే తప్పు లేదు. కలిపితేనే తప్పు.

ఆ సమయానికి మా మేనకోడలు అక్కడే ఉన్నది. కంప్యూటరు మీద ఇళ్ళకూ, బడులకూ ప్లానులు గీయటం ఆమె పని. ఆమె నవ్వి, "ఊరుకో చెల్లీ! మాకు రోజూ ఇదే గొడవ," అన్నది. "మీ అట్లాసులో ప్రతి పటానికీ ఒక మూల 'గుర్తులు' అని చిన్న గడి ఉంటుంది, చూచావా? మా ప్లానుకు కూడా అటువంటి గడి ఉన్నది."

ఆమె చెప్పినది మీకూ చెబుతాను, వినండి.

భవనాల ప్లానులు గీయటానికి ఆర్కీకాడ్, ఆటోకాడ్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నవి. ఆర్కీకాడ్ వంటి వాటిలో గోడ గీసేటప్పుడు గోడతోపాటు దాని లక్షణాలు కూడా చెప్పాలి. గీత ఎంత లావు? గోడ ఇటుకదా, కాంక్రీటుదా? మందం ఎంత? అది ఏ పొరలో ఉండాలి? పొర అంటే, ఒకదానిమీద ఒకటి పరచిన అద్దపు కాగితం వంటిది. గోడలు ఒక పొరలో, కరెంటు తీగలు ఒక పొరలో, నీటి గొట్టాలు మరొక పొరలో ఉంటవి.

ఈ లక్షణాలను గోడగోడకూ విడిగా వ్రాయరు. అన్నింటినీ ఒక పట్టికలో ఉంచుతారు. ఆర్కీకాడ్‌లో అయితే పట్టికలోని ప్రతి లక్షణానికీ ఒక నంబరు ఉంటుంది. గోడ దగ్గర ఆ నంబరు మాత్రమే ఉంటుంది. మీ బడిలో హాజరు పట్టీ లేదూ? మేష్టారు "7" అని పిలిస్తే 7వ నంబరు పిల్లవాడు పలుకుతాడు. పొరపాటున పక్క తరగతి పట్టీ వచ్చిందనుకోండి, 7 అంటే మరెవడో అవుతాడు! అలాగే ఒక ప్లాను పట్టికమీద వేరొక ప్లాను పట్టికను తెచ్చి పెడితే, ఇటుక గోడలు చూస్తూ ఉండగానే కాంక్రీటు గోడలైపోవచ్చు.

ఈ పట్టికవల్ల లాభమేమిటి? బడి ప్లాను ఒకటి ఉన్నదనుకుందాం. కింది అంతస్తు ఒకరు, పై అంతస్తు మరొకరు గీస్తున్నారు. గోడ మందం 230 మిల్లీమీటర్లు, అంటే మనవాళ్ళు తొమ్మిదంగుళాల గోడ అనేది. తరవాత ఆ మందం వద్దనుకుని, 200 మిల్లీమీటర్లు చాలునన్నారు. పట్టికలో ఒక్కచోట 230 తీసి 200 వేస్తే చాలు, గోడలన్నీ మారిపోతవి.

కాని కింది అంతస్తు గీసినవారు పట్టికలో "బయటి గోడ" అని వ్రాశారు. పై అంతస్తు గీసినవారు "బైటి గోడ" అని వ్రాశారు. మనకు రెండూ ఒకటే. కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేరువేరు గోడలు! రెండు ప్లానులూ కలిపినప్పుడు రెండు పేర్లూ పట్టికలో చేరినవి. మార్చినవారు "బయటి గోడ" మార్చి ఊరుకున్నారు. కింది గోడ 200 అయింది. పై గోడ 230గానే ఉండిపోయింది!

ఇందువల్ల ఎంత నష్టమో లెక్క కడదాం. పై గోడ పొడవు 10 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. 230 మిల్లీమీటర్ల మందానికి 6.9 ఘనపు మీటర్లు, 200కు 6 ఘనపు మీటర్లు. తేడా 0.9. మన దేశపు ప్రమాణం ప్రకారం చేసిన ఇటుక 190, 90, 90 మిల్లీమీటర్లు ఉంటుంది. సిమెంటుతో కలిపి 200, 100, 100 అవుతుంది. ఘనపు మీటరుకు అటువంటివి 500 పడతవి. అంటే ఒక్క గోడకే 450 ఇటుకలు దండగ!

ఇది ఇళ్ళకే పరిమితం కాదు. ఎయిర్‌బస్ ఎ380 అనే పెద్ద విమానాన్ని జర్మనీలో కొంత, ఫ్రాన్సులో కొంత తయారుచేశారు. రెండు చోట్లా వాడినది ఒకే సాఫ్ట్‌వేరు, కాని ఒకచోట పాత రకం, ఒకచోట కొత్త రకం. ఒక్కొక్క విమానంలో 500 కిలోమీటర్లకు పైగా తీగలు ఉంటవి. బిగించబోయేసరికి కొన్ని తీగలు పొట్టివై అందలేదు! 2006లో ఈ సంగతి లోకానికంతా తెలిసింది. విమానాలు చేతికి రావటం సుమారు రెండేళ్ళు ఆలస్యమైంది.

"అయితే ఎవరైనా మంచి పట్టిక తయారుచేస్తే చాలు గదా అక్కా?" అన్నాడు మొదటివాడు.

"చాలదు," అన్నది మా మేనకోడలు. "నువ్వు బారేజి గీశావు గదా! 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు బదులుగా 1957లో ఈ బారేజి వచ్చింది. సుమారు 13 లక్షల ఎకరాలు దాన్ని నమ్ముకుని ఉన్నవి. కాలువ మొదట్లో తలుపు దించితే ఎక్కడో శివారు పొలం ఎండుతుంది. తలుపు ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోకుండా లస్కరు ఉంటాడు. మా పట్టికకూ ఒక లస్కరు ఉంటాడు. మార్పు ఏదైనా అతనితో చెప్పాలి. అతను అందరికీ చెప్పి మారుస్తాడు. ఒకే వస్తువుకు రెండు పేర్లు రానివ్వడు. ఎవరికీ పనికిరాదని రూఢి చేసుకోకుండా దేన్నీ తీసెయ్యడు. ఆర్కీకాడ్‌లో ఒక పొరను తీసేస్తే ఆ పొరలో గీసినవన్నీ దానితోపాటే పోతవి!"

మీరు కూడా చేసి చూడండి. ఇద్దరు కలిసి మీ ఇంటి ప్లాను గీయండి. చెరొక సగం గీయండి. గీయబోయే ముందు తలుపుకూ, కిటికీకీ, గోడకూ గుర్తులు ఒక కాగితం మీద వ్రాసుకోండి. మొదట ఆ కాగితం చూడకుండా గీయండి, తరవాత చూచి గీయండి. రెండింటికీ తేడా మీకే తెలుస్తుంది.

మా వీధి పిల్లలు ఏం చేశారంటారా? పటం మూల గుర్తుల గడి గీసి, ఆ చిన్నపిల్లనే దానికి లస్కరును చేశారు. అది కంప్యూటరు కాదు గనక, పాపం, రంగంతా చెరిపి మళ్ళీ వేసుకోవలసి వచ్చింది. ఇప్పుడు కాలువ ఏలూరు దాకా నీలంగానే పోతున్నది. అన్నయ్యలు రంగు పెన్సిలు ముట్టుకోవాలన్నా ఆ పిల్లను అడగవలసిందే!