మరమ్మతుకు ఏటా ఒక పద్దు కావాలి

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అప్పట్లో ఏడాదికి 1.2 కోట్ల మంది ప్రయాణికులకు సరిపోయేలా కట్టిన టెర్మినల్‌ను రద్దీ పెరిగే కొద్దీ విస్తరించి, సామర్థ్యాన్ని 3.4 కోట్లకు చేర్చారు. అక్కడి నిర్వహణ ఎవరి దయమీదా ఆధారపడి లేదు. సేవలు ఏ ప్రమాణాలతో అందాలో ఒప్పందంలోనే ఉంది. ఖర్చు రాబట్టుకోవడానికి ప్రయాణికులు చెల్లించే రుసుములున్నాయి. వాటిని ఎంత వసూలు చేయాలో తేల్చడానికి నియంత్రణ సంస్థ ఉంది. ఎవరు చూసుకోవాలి, ఎలా చూసుకోవాలి, డబ్బు ఎక్కడిది అనే మూడు ప్రశ్నలకూ జవాబులు ముందే సిద్ధం. విమానాశ్రయం ప్రహరీ దాటి బయటికొస్తే, మన ఆసుపత్రులు, గ్రంథాలయాలు, ఆటస్థలాల విషయంలో ఈ మూడింటికీ స్పష్టమైన సమాధానం దొరకదు.

ఇప్పుడు ఈ ప్రశ్నలు వేయాల్సిన అవసరం శంషాబాద్‌కు ప్రత్యేకంగా ఉంది. 2018లో పురపాలక సంఘమైన ఈ ఊరు 2025 చివర్లో చుట్టుపక్కల పట్టణాలతో పాటు జీహెచ్‌ఎంసీలో కలిసింది. ఇక్కడి కమ్యూనిటీ హాళ్లు, పార్కులు, మైదానాల బాధ్యత మహానగరానిదైంది. ఆ మహానగరంలో ప్రజా ఆస్తులను ఎలా చూసుకున్నారో తెలుసుకోవాలంటే ఉస్మానియా ఆసుపత్రి ఒక్కటి చాలు.

1908 మూసీ వరద తర్వాత నగరాన్ని పునర్నిర్మించే క్రమంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనలో 1925 నాటికి ఆ భవనం లేచింది. పెచ్చులూడి పడుతున్నా, వైద్యులు హెల్మెట్లు పెట్టుకుని నిరసన తెలిపినా పూర్తిస్థాయి మరమ్మతు జరగలేదు. కూల్చాలా, నిలపాలా అన్న వాదనలోనే ఏళ్లు గడిచిపోయాయి. 2020 జులైలో వాననీరు వార్డుల్లోకి చేరడంతో రోగులను తరలించి పాత భవనానికి తాళం వేశారు. చివరికి 2025 జనవరి 31న గోషామహల్ పోలీసు మైదానంలో, సుమారు 26 ఎకరాల్లో, 2 వేల పడకల కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. పేద రోగులకు కొత్త ఆసుపత్రి కావాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే నడకకూ ఆటకూ ఆ మైదానాన్నే నమ్ముకున్న చుట్టుపక్కల బస్తీల వాళ్లు వద్దని రోడ్డెక్కారు. ఒకచోట కారే కప్పును పట్టించుకోకపోతే, ఇంకోచోట పిల్లలు ఆటస్థలం పోగొట్టుకోవాల్సి వచ్చింది. మరమ్మతు వాయిదా వేసినందుకు నగరం చెల్లించే అసలు ధర ఇదే.

చేతకాక ఇలా జరిగిందనుకోవడానికి వీల్లేదు. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌ను 2018 నుంచి రెండేళ్లలో బాగుచేశారు. పొరలు పొరలుగా పేరుకున్న రంగులు తీసేసి రాతిని బయటపెట్టారు, గడియారాన్ని నడిపించారు. అక్కడ ఐస్‌క్రీం దుకాణాలు నేటికీ నడుస్తున్నాయి. రోజూ జనం వచ్చిపోయే కట్టడానికి వాళ్లే కాపలా. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి 2013లో మొదలుపెట్టిన పని 2024లో ముగిసింది. అక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది.

ఆ పని నేర్పే పాఠం నిర్మాణశాస్త్రానికి సంబంధించినది. రాయి, డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని గోడను తినేస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతు పేరుతో సమాధులకు పూసిన సిమెంటును తొలగించి, మళ్లీ సున్నపు పూత వేయడానికి నిపుణులు ఏళ్లపాటు శ్రమించారు. ఎవరు తక్కువకు కోట్ చేస్తే వారికే పని అప్పగించే పద్ధతి పాత కట్టడాలకు పనికిరాదు. సున్నం పని తెలిసిన మేస్త్రీలను గుర్తించి, ఆ పనికి తగిన రేటు కట్టాలి.

ఆటస్థలాల కథ వేరు. గచ్చిబౌలి క్రీడాప్రాంగణం 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఆసియా క్రీడల కాలంలో వెలిసింది. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్ కోసం మళ్లీ ముస్తాబైంది. పెద్ద పోటీ వస్తే రంగులు పడతాయి. పోటీలు రాని గల్లీ మైదానానికి ఆ భాగ్యం ఎప్పుడు? పదేళ్ల పిల్లాడికి అంతర్జాతీయ స్టేడియం కన్నా, ఇంటికి నడక దూరంలో రాళ్లు ఏరేసిన నేల, తాగునీటి కుళాయి, వెలిగే దీపం ముఖ్యం.

డబ్బు లేదన్న వాదన సగమే నిజం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నుతో పాటు, దానిమీద 8 శాతం గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. అంటే ప్రజలు ముందే కట్టేశారు. ఆ సొమ్ము తమకు సకాలంలో చేరడం లేదని గ్రంథాలయ సంస్థలు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నాయి. కట్టిన పన్నును కట్టిన పనికే ఖర్చుపెట్టమనడం గొంతెమ్మ కోరిక కాదు.

ఈలోగా నగరం విమానాశ్రయం వైపు జరుగుతోంది. శంషాబాద్ దారిలోని బుద్వేల్‌లో 100 ఎకరాల్లో కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. మూసీ ఒడ్డున 1920 నుంచి ఉన్న న్యాయభవనాన్ని తర్వాత ఎవరు, దేనికి వాడతారో న్యాయస్థానం గడప దాటకముందే తేలాలి. ఖాళీ పడ్డ భవనం ఎంత త్వరగా శిథిలమవుతుందో ఉస్మానియా చెబుతూనే ఉంది. 2019లో పాత ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని ఇదే హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు ఇచ్చిన సంస్థ తన సొంత గూటి విషయంలోనూ అదే విలువను నిలబెట్టాలి.

శంషాబాద్ నుంచే మంచి పద్ధతి మొదలుపెట్టవచ్చు. మొదట, ఇక్కడి ప్రతి ప్రజా భవనం, మైదానం, పార్కు పరిస్థితిని ఏటా వానాకాలానికి ముందే ఇంజినీర్లు పరిశీలించి, ఆ నివేదికను వార్డు కార్యాలయం గోడకు అంటించాలి. ఆ పైన, కొత్తది ఏది మంజూరు చేసినా పదేళ్ల నిర్వహణ ఖర్చును అదే ఉత్తర్వులో చూపించాలి. గ్రంథాలయ పన్నులో ఈ ప్రాంత వాటాను ఇక్కడి పఠనాలయాలకే వెచ్చించాలి. సినిమా చిత్రీకరణలతో రాష్ట్రమంతటికీ పరిచయమైన అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయంలో, చిత్రీకరణల అనుమతి రుసుమును అక్కడి కోనేటికీ మండపాలకూ కేటాయించాలి. వాడుకునేవారితో, అంటే క్రీడాకారులు, పాఠకులు, మహిళా సంఘాల సభ్యులతో ప్రతి సదుపాయానికీ ఒక కమిటీ వేసి, ఖర్చు లెక్కలు వారి ముందుంచాలి.

వచ్చే బడ్జెట్‌లో ఈ ప్రాంత ప్రజా భవనాల నిర్వహణకు ప్రత్యేక పద్దు, దాని పక్కన అంకె, ఆ అంకెకు జవాబుదారీగా ఉండే అధికారి హోదా కనిపించాలి. విలీనం వల్ల ఊరికి ఏం ఒరిగిందని అడిగే శంషాబాద్ వాసికి పాలకులు చూపించగల మొదటి రుజువు అదే అవుతుంది.