పేరొకటి, కొలత రెండు

హాలీ సిక్కా చెలామణిలో ఉన్ననాడు హైదరాబాదు బజారులో రూపాయి అంటే చాలదు, ఏ రూపాయి అని అడగవలసివచ్చేది. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దార్లకు సమానం. అమీర్‌పేట, పంజాగుట్టల శిక్షణాలయాలలో క్లౌడ్ విద్య నేర్చే మన విద్యార్థులకు నేడు ఆ వివేకమే అవసరం.

గిగాబైటు 100 కోట్ల బైట్లు. గిబిబైటు 107,37,41,824 బైట్లు. 1998లోనే వీటికి వేర్వేరు పేర్లు నిర్ణయమైనా, రెంటినీ జీబీ అనే వ్యవహరిస్తున్నాము.

అంతకు మించిన చిక్కు మరొకటున్నది. అమెజాన్ క్లౌడ్‌లో మూల డిస్కును ఉబుంటు 'ఎస్‌డీఏ1' అంటుంది. అమెజాన్ లినక్స్ 'ఎక్స్‌వీడీఏ' అంటుంది. మొదటిదానికి వ్రాసిన నిర్వచనాన్ని రెండవదానికి నకలు చేసి 100 జీబీ కోరితే, మూల డిస్కు 8 జీబీల వద్దనే ఉండిపోతుంది. పక్కన ఖాళీ డిస్కు ఒకటి చేరుతుంది. సర్వరు నడుస్తుంది, బాడుగ పెరుగుతుంది. ఒకనాడు మూల డిస్కు నిండి పని స్తంభిస్తుంది. తప్పు యంత్రానిది కాదు, చదవక వ్రాసినవానిది.

కొద్ది వారాల శిక్షణలో ఇంత పరిశీలనకు వ్యవధి ఎక్కడిదని కొందరనవచ్చు. రెండు పేర్లు పోల్చి చూడడానికి రెండు నిమిషాలు చాలు. కొలువులో చేరిన తొలి మాసంలోనే ఇట్టి పొరపాటు జరిగితే, పేద కుటుంబం అప్పు చేసి కట్టిన రుసుమంతా ప్రశ్నార్థకమౌతుంది.

కనుక కళాశాల కమిటీవారికి నా విన్నపమొకటి. ప్రయోగ పరీక్షలో సర్వరును నడిపినందుకే మార్కులివ్వక, కోరిన డిస్కులనూ వచ్చిన డిస్కులనూ సరిచూచి రికార్డులో వ్రాసినవారికే పూర్తి మార్కులివ్వాలి.