నాట్యము – కంప్యూటరు బొమ్మ

మొన్న మా మనుమరాలు కంప్యూటరు తెరపై నాట్యమాడుచున్న బొమ్మను చూచి, "తాతయ్యా! ఈ బొమ్మ కాలు నేలకు ఆనడంలేదేమి?" అని అడిగెను. నాట్యము నేర్చుచున్న పిల్ల గనుక లోపమును ఇట్టే పట్టినది. ఆ బొమ్మకు రంగు కలదు, రూపు కలదు, బరువు లేదు.

మనము నేలను త్రొక్కినప్పుడు నేలయు అంతే బలముతో మనలను పైకి త్రోయును. దేహభారమంతయు ఒకచోట చేరినట్లు భావింపదగిన బిందువును గరిమనాభి యందురు. ఒంటికాలిపై నిలుకడగా నిలువవలెనన్న అది పాదమునకు సరిగా పైన ఉండవలెను. ఎగిరినప్పుడు దాని మార్గము పాదము నేలను విడుచు క్షణముననే నిర్ణయమగును. దిగునప్పుడు మోకాళ్లు వంగి తాకిడిని ఓర్చుకొనును. ఇట్టి నియమములను తెలుపు శాస్త్రమే బయోమెకానిక్సు. వీనిని పాటింపని బొమ్మ నేలపై జారుచున్నట్లు తోచును.

కావున శాస్త్రజ్ఞులు నర్తకులనే ఆశ్రయించిరి. వారి కీళ్లపై కాంతిని ప్రతిఫలించు చిన్న గుండ్లను అమర్చి, చుట్టును కెమెరాలు నిలిపి, ప్రతి కదలికను కొలిచిరి. అమెరికా దేశపు నాట్యాచార్యుడు మెర్స్ కన్నింగ్‌హామ్ 1999లో 'బైపెడ్' అను నృత్యమున, ఇట్లు కొలిచిన కదలికలతో చేసిన బొమ్మలను పలుచని తెరపై చూపి, దాని వెనుక నర్తకులను ఆడించెను. వార్ధక్యమున కీళ్లవాతముచే బాధపడుచుండియు అతడు కంప్యూటరు సాయమున నృత్యములు కూర్చెను. తన చేతుల నాట్యమును గూడ కొలిపించెను. 2009లో అతడు గతించెను. ఆ చేతుల కదలిక మాత్రము నిలిచియున్నది.

యంత్రముండగా గురువేల యని కొందరందురు. యంత్రము కళను చెరచునని మరికొందరందురు. ఈ రెండును నాకు సమ్మతములు కావు. మన కూచిపూడి తరంగమున నర్తకి ఇత్తడి పళ్లెరపు అంచుపై నిలిచి ఆడును. ఆ నిలుకడను యంత్రము కొలువగలదు; మనకు సాధించి పెట్టజాలదు. అది గురువు కనుసన్నల ఏండ్ల తరబడి చేసిన సాధనకు ఫలము. అయినను వృద్ధులైన గురువుల అడుగులు వారితోనే అంతరింపరాదు. వారి అనుమతితో, వారి పేరనే, వానిని నేడే కొలిచి భద్రపరుపవలెను. అనుమతి లేక గైకొన్నచో అది విద్యాచౌర్యమే యగును.

విద్యార్థులారా! తెరపై బొమ్మ చక్కగా ఆడినప్పుడు సంతోషింపుడు. దాని వెనుక చెమటోడ్చిన నర్తకుని మరువకుడు.